లాభం, రెండు, మూడు

శెట్టిగారు పోయారన్న కబురు నాకు ఆత్మకూరు బస్టాండులో, స్టీరింగు ముందు కూర్చుని ఉండగా తెలిసింది. ఉదయగిరి ట్రిప్పుకు ఇంకా ఐదు నిమిషాల టైముంది. అనంతసాగరం నుంచి పాలు తెచ్చి ఆత్మకూరులో పోసే ఒకామె ఉంది, శెట్టిగారి మిద్దె మీద మాతోపాటు ధ్యానానికి కూర్చునేది. ఆమె నా కిటికీ కిందకొచ్చి నిలబడి, ఆయనకు జ్వరం వచ్చి మూడు రోజులు పడుకున్నారనీ, పొద్దున పోయారనీ చెప్పింది. చెప్పి, కొంగుతో ముక్కు తుడుచుకుని, ఖాళీ క్యాను తీసుకుని వెళ్ళిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. వట్టి ఏడుపు, ఇంకేమీ లేదు. గుండె దడదడలాడలేదు, అరచేతులు చల్లబడలేదు, కళ్ళ ముందు రోడ్డు అటూ ఇటూ ఊగలేదు. అయ్యో, పోయాడే మహానుభావుడు అని కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, తుడుచుకున్నాను. అంత బాధలోనూ, అబ్బ, నాకూ అందరిలాగే ఏడుపొస్తోంది కదా అని లోపల ఎంత నిమ్మళంగా అనిపించిందో చెబితే మీరు నన్ను తిడతారు. తిట్టండి. ఆయన మాత్రం తిట్టేవారు కాదు. ట్రిప్పు పూర్తి చేసి, సాయంత్రం వాళ్ళింటికి పోయి చూసి వచ్చాను.

ఆయన పేరు ఊళ్ళో సగం మందికి తెలియదు. శెట్టిగారు, అంతే. ఆత్మకూరు బజారులో నలభై ఏళ్ళు వడ్లూ కందులూ మినుములూ కొని అమ్మిన అంగడి ఆయనది. ఊరంతా కాటాలు పెట్టుకున్నా ఈయన చాన్నాళ్ళు గింజలు కొలిచే కుంచం వదల్లేదట. కొలిచే పని కూలివాళ్ళ మీద వదిలేసి గల్లాపెట్టె దగ్గర కూర్చునే రకం కూడా కాదు. చొక్కా విప్పి, తలకు తువ్వాలు చుట్టి, రాశి ముందు తానే గొంతుక్కూర్చుని కొలిచేవారట. ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి, అరవై దాటేసరికి ఆయాసం పట్టుకుంది. డాక్టరు మందులు రాసి, ఊపిరి కసరత్తు కూడా చెయ్యమన్నాడు. ఈయన ఎక్కడో ఒక ఆశ్రమంలో పదిరోజులు ఉండి ధ్యానం, మంత్రం, చేతులతో చేసే తేలికపాటి కసరత్తులు నేర్చుకుని వచ్చారు. నేర్చుకున్నవి నేర్చుకున్నట్టే ఉంచారా అంటే, లేదు. అన్నీ తెచ్చి కుంచంలో పోశారు.

మావైపు వడ్లు కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. శుభమా అని మొదలుపెట్టడం అన్నమాట. లాభమే లాభం, రెండే రెండు, మూడే మూడు అని రాగం తీస్తూ కొలుస్తారు. శెట్టిగారి మిద్దె మీద ఊపిరి లెక్క కూడా ఇదే. రెండు చేతులూ కిందికి పోనిచ్చి కుంచం నింపుతున్నట్టు పైకి లేపాలి, అప్పుడు గాలి లోపలికి. రొమ్ము దగ్గర చేతులు ఆగాలి, కుంచం తలకొట్టి సమానం చేసినట్టు ఒక్క క్షణం. తర్వాత ముందుకు ఒంపుతూ వదలాలి, చాలా మెల్లిగా. "తొందరపడి ఒంపితే గింజలు నేలపాలు" అని వరసల మధ్య తిరుగుతూ అనేవారు. పన్నెండు కుంచాలయ్యాక అరచేతులు రుద్దుకుని ఆ వెచ్చదనాన్ని కళ్ళమీద పెట్టుకోవాలి. ఆ తర్వాత ఎవరి మంత్రం వాళ్ళది, ఒక పావుగంట. చివర్న ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవడం.

అక్కడ మనసులో లెక్కపెట్టుకోవడం కుదరదు. అందరూ పైకి లెక్కపెట్టాల్సిందే. ఇరవై మంది పొద్దున్నే ఆరింటికి మిద్దెమీద కూర్చుని లాభమే లాభం అంటుంటే, కింద బజారులో పోయేవాళ్ళు శెట్టిగారు మళ్ళీ వ్యాపారం మొదలుపెట్టారనుకునేవాళ్ళు. ఒకసారి నెల్లూరు నుంచి తెల్ల జుబ్బా వేసుకున్న యోగా మాస్టరు ఒకాయన చూడ్డానికి వచ్చాడు. పాపం, మంచివాడే. అంతా అయ్యాక, ఇలా ధ్యానంలోకి వ్యాపారం తీసుకురావడం శాస్త్రం కాదనీ, ఒకటి అని మొదలుపెట్టాలనీ, లేదా ఓంకారం అనాలనీ సౌమ్యంగానే చెప్పాడు. శెట్టిగారు చేతులు కట్టుకుని విని, రేపట్నుంచి అట్లే చేస్తామని ఒప్పుకున్నారు. మర్నాడు ఒకటి అని మొదలుపెట్టాం. మూడో ఊపిరికే పాలామె లేచి నిలబడింది. ఒకటి అంటే తనకు ఊపిరి ఆడటం లేదని, లాభం అంటేనే ఆడతాదని నిష్ఠూరంగా చెప్పింది. శెట్టిగారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. లాభం తిరిగొచ్చింది.

ఇక నా సంగతి. నేను వరికుంటపాడు దగ్గర పల్లెలో పుట్టినవాణ్ణి, మా అవ్వ పెంచింది. బస్సు డ్రైవరుగా పద్దెనిమిదేళ్ళ సర్వీసు, ఎక్కువ భాగం ఉదయగిరి రూటే. నాకు కోపం జాస్తి అని డిపో మొత్తానికి తెలుసు. భయం ఉందని మాత్రం ఎవరికీ తెలియదు, ఒక్క మా ఆవిడకు తప్ప.

మొదటిసారి వచ్చినప్పుడు పట్టపగలు, రోడ్డు తిన్నగా ఉంది, ఎదురుగా రెండు బర్రెలు తప్ప ఏమీ లేవు. ఉన్నట్టుండి గుండె గొంతులోకొచ్చి కొట్టుకోవడం మొదలుపెట్టింది. చేతులు స్టీరింగు మీద ఉన్నాయో లేదో తెలియలేదు. చచ్చిపోతున్నాను, ఇప్పుడే, ఇక్కడే అనిపించింది. రెండు నిమిషాలు. తర్వాత ఏమీ జరగనట్టు తగ్గిపోయింది. నెల్లూరు పోయి రెండు ఆస్పత్రుల్లో చూపించుకున్నాను. ఈసీజీ, స్కానింగు, రక్తం, అన్నీ నార్మల్. ఏమీ లేదు పొమ్మన్నారు. ఏమీ లేనిదానికి నేనెందుకు చస్తున్నానో ఎవరూ చెప్పలేదు. ఒక డాక్టరు మాత్రం మనసు డాక్టరుకు చూపించుకోమన్నాడు. నాకు పిచ్చి అంటావా అని ఆయన మీద గయ్యిన లేచి వచ్చేశాను. అది నేను చేసిన మొదటి తెలివితక్కువ పని.

రెండోది, డిపోలో దాచిపెట్టడం. చెబితే స్టీరింగు తీసేస్తారు. స్టీరింగు తీసేస్తే నేనెవర్ని? ఇంట్లో కూర్చుని ఆవిడ మీద అరవడం తప్ప ఇంకేం చేతనవును నాకు? చెప్పకపోతేనేమో, నా వెనక యాభై మంది. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న తల్లులు, కాలేజీ వాళ్ళు, ముసలివాళ్ళు. రోజూ పొద్దున ఇంజను స్టార్టు చేసేటప్పుడు ఇవాళ రాకూడదు, ఇవాళ రాకూడదు అనుకుంటూ ఏడాదిన్నర నడిపాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మా ఆవిడే పట్టుబట్టి శెట్టిగారి మిద్దెకు తోలింది. మొదటి రోజు మంత్రం ఇమ్మని అడిగాను. ఆయన మంత్రం ఇచ్చే పద్ధతి వేరు. రాయి తగిలి కాలి బొటనవేలు చితికినప్పుడు ఆలోచించకుండా నీ నోట్లోంచి ఏ పేరు వస్తుందో అదే నీ మంత్రం అనేవారు. ఒకాయనకు నారాయణ, ఒకామెకు శివశివ, ఉదయగిరి నుంచి వచ్చి ఇక్కడ బట్టలు కుట్టే ఒకామెకు యా అల్లా, చాలామందికి అమ్మా. నీకేమొస్తుంది నాయనా, నిజం చెప్పు అని నన్నడిగారు. నిజం చెప్పమన్నారు కదా అని చెప్పాను. నాకొచ్చేది ఒక బూతు. నలుగురిలో అనరాని బూతు. మిద్దెమీద అందరూ గొల్లుమన్నారు. ఆయన మాత్రం నవ్వకుండా తల ఊపి, అది మారేదాకా నాకు మంత్రం వద్దనీ, లెక్క చాలనీ తేల్చేశారు. అట్లా నాకు మిగిలింది లాభం, రెండు, మూడు.

చెప్పకూడదు గానీ, పని చేసింది. పూర్తిగా కాదు, కొంచెం. రాత్రిళ్ళు నిద్రపట్టడం మొదలైంది. ఆవిడ మీద అరుపులు తగ్గాయి. దడ వస్తున్నట్టుంటే స్టీరింగు మీద వేళ్ళు సడలించి పెదవుల కింద లెక్కపెట్టుకునేవాణ్ణి, వెనక్కి తగ్గేది. మూడు నెలలు గడిచేసరికి ఇంక గెలిచేశానని అనిపించింది. అదే ధైర్యంతో ఒకరోజు అందరూ దిగిపోయాక, చాపలు చుడుతున్న ఆయన దగ్గరకు పోయి అసలు విషయమంతా చెప్పాను. అంతకుముందు గుండెదడ అని చెప్పానే గానీ, స్టీరింగు మీద వస్తుందని చెప్పలేదు. ఇప్పుడు ఊపిరి పట్టు దొరికింది కాబట్టి నిర్భయంగా బండి తోలుకోవచ్చని ఆయన నోటితో అనిపించుకోవాలని నా ఆశ.

ఆయన చుడుతున్న చాప అట్లే వదిలేశారు.

"డిపోలో చెప్పినావా?"

"లేదు శెట్టిగారూ. చెప్తే బండి తీసేస్తారు."

అక్కడే చాపమీద కూర్చుని, నన్నూ కూర్చోమన్నారు.

"కొలిచేవాడు లెక్క పైకి ఎందుకు చెప్తాడో తెలుసునా నీకు? వాడి పక్కన రైతు ఉండాడు, ఎదురుగా కొనేవాడు ఉండాడు. ఇద్దరికీ వినపడాల. మనసులో లెక్క పెట్టుకునేవాడి కొలత ఎంత సరిగ్గా ఉన్నా, అది దొంగ కొలతే నాయనా. నువ్వు ఏడాదిన్నరగా మనసులో కొలుస్తుండావు."

నాకు ఒళ్ళు మండింది. మీ ఊపిరి మీద మీకే నమ్మకం లేదా, అయితే ఈ ఇరవైమందినీ ఎందుకు కూర్చోబెడుతున్నారు అని అడిగేశాను. పెద్దాయన అని కూడా చూడలేదు.

"ఊపిరి నీకు పనికొస్తాది," అన్నారు. "నీ వెనక కూర్చున్నోళ్ళకు నువ్వు పైకి చెప్పే మాట పనికొస్తాది. పొయ్యి చెప్పు."

ఇంక ఆ మిద్దె ఎక్కనని ఆయన ముందే అని, దడదడా మెట్లు దిగి వచ్చేశాను. నెలరోజులు పోలేదు. బజారులో ఆయన ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. శెట్టిబుద్ధి, కొలతబుద్ధి అని ఇంట్లో తిట్టుకున్నాను కూడా. మా ఆవిడ వింటూ అన్నం వడ్డించేది. ఒకరోజు మాత్రం, ఆయన చెప్పిందాంట్లో తప్పేముందని ఒక్క మాట అడిగి, మజ్జిగ పోసింది.

నెల దాటాక మళ్ళీ దడ వచ్చింది. ఉదయగిరి నుంచి తిరుగు ట్రిప్పు, మధ్యాహ్నం. బస్సు నిండుగా ఉంది. ఈసారి పెదవుల కింది లెక్కకు లొంగలేదు. వేళ్ళు మొద్దుబారిపోయాయి, రోడ్డు పక్కకు ఒరిగినట్టయింది. ఎట్లా తిప్పానో గుర్తులేదు గానీ బండిని మార్జిన్లోకి దించి, ఆపి, హ్యాండ్‌బ్రేకు వేశాను. వేసినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట బూతు కాదు. "అవ్వా" అన్నాను. చచ్చిపోయి ఇరవై ఏళ్ళయిన మా అవ్వను పిలిచాను.

కండక్టరు టైరు పోయిందేమోనని దిగి చూస్తున్నాడు. నేను రెండు చేతులూ ఒళ్ళోంచి లేపుతూ, ఒంపుతూ, గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. లాభమే లాభం, రెండే రెండు. సిగ్గూ ఎగ్గూ ఏమీ లేవు, ప్రాణం పోతోంది కదా. వెనక మొదటి సీట్లో కూర్చున్న ఒక ముసలామె ముందుకు వంగి చూసింది.

"ఏంది నాయనా, వడ్లు కొలస్తుండావా?"

ఆమె వేళాకోళానికి అనలేదు, నిజంగానే అడిగింది. నాకు ఆ స్థితిలోనూ నవ్వొచ్చింది. నవ్వు వచ్చేసరికి ఎక్కడో కొంచెం గాలి ఆడింది. ఆమె వైపు తిరిగాను.

"లేదవ్వా. నాకు భయం జబ్బు ఉండాది. ఇప్పుడు వచ్చినాది. నేను బండి నడపలేను."

అంతే. ఏడాదిన్నర దాచిన మాట అంత చిన్నది. తిడతారనుకున్నాను, మీద పడతారనుకున్నాను. ఎవరో నీళ్ళ సీసా ఇచ్చారు. ఎవరో అట్టముక్కతో విసిరారు. వెనక సీట్లోంచి ఒకతను తన బావమరిదికి కూడా ఇట్లాగే వస్తుందని, గుంటూరులో చూపిస్తే తగ్గిందని ఊరంతా వినేటట్టు చెప్పాడు. ముసలామె నా వీపు నిమురుతూ కూర్చుంది. ఇంకో బస్సు వచ్చి అందరూ అందులోకి ఎక్కేదాకా ఆమె కదల్లేదు. ఇన్నాళ్ళూ నేను భయపడింది ఈ మనుషులకా అనుకుంటే నామీద నాకే అసహ్యం వేసింది.

డిపోకు చేరగానే యూనిఫాంతోనే మేనేజరు గదిలోకి పోయి మొత్తం చెప్పాను. ఎన్నాళ్ళనుంచి అని అడిగాడు. ఏడాదిన్నర అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి, గట్టిగా నాలుగు చివాట్లు పెట్టాడు, పెట్టాల్సినవే పెట్టాడు. తర్వాత కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఉద్యోగం పోలేదు. డ్రైవింగు నుంచి తప్పించి గ్యారేజీలో వేశారు, వైద్యానికి పంపారు. ఏ మనసు డాక్టరు పేరు చెబితే గయ్యిమన్నానో, ఆ డాక్టరు దగ్గరికే పోయాను. ఆయన నా జబ్బుకు ఒక పేరుందని, చాలామందికి వస్తుందని, తగ్గుతుందని చెప్పాడు. పరీక్ష చేస్తూ, మెల్లిగా ఊపిరి తీసి వదులుతూ లెక్కపెట్టమన్నాడు. నేను లాభం అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, రెండోసారి అనమన్నాడు. మళ్ళీ లాభమే అన్నాను. సంగతంతా చెప్పాక ఆ మిద్దె మాత్రం మానొద్దన్నాడు, మందు కూడా మానొద్దన్నాడు.

మిద్దె ఎక్కడానికి నాకు మొహం చెల్లలేదు. మూడు రోజులు కిందనే తిరిగి, నాలుగో రోజు ఎక్కాను. 'నేను ముందే చెప్పానా లేదా' అని ఆయన ఒక్క మాట అంటే బాగుండేది, నాకూ ఒక సమాధానం ఉండేది. అనలేదు. నా చాప నాకు పరిచారు. ఆరోజు నుంచి ఒక కొత్త అలవాటు మాత్రం పెట్టారు. మొదటి కుంచానికి ముందు ఆయన తన బీపీ బిళ్ళ అందరి ముందూ నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, "వేసుకున్నా" అని పైకి చెప్పేవారు. తర్వాత బీపీ వాళ్ళు, షుగరు వాళ్ళు, నేను, వరసగా చెప్పాలి. ధ్యానం బాగా కుదిరిందని షుగరు బిళ్ళ మానేసిన ఒక రైతును రెండు వారాలు మిద్దె ఎక్కనివ్వలేదు. బిళ్ళ మింగి వచ్చాకే కూర్చోబెట్టారు.

ఏడు నెలలు గ్యారేజీలో స్పానర్లు అందించాను. దడ మొదట వారానికొకసారికి తగ్గింది, తర్వాత నెలకు, తర్వాత నేను ఎదురుచూసినా రాలేదు. డాక్టరు ఫిట్ అని రాసిచ్చాడు. మళ్ళీ పరీక్షలు, మళ్ళీ డిపో వాళ్ళు పక్కన కూర్చుని నడిపించి చూడడాలు, అన్నీ అయ్యాయి. నాకు మళ్ళీ ఉదయగిరి రూటు రాశారు, పొద్దున ఆరున్నర బండి.

ఆ పొద్దున ప్లాట్‌ఫారం మీద శెట్టిగారు నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గుడ్డసంచి. ఆరింటికి మిద్దె మీద ఉండాల్సిన మనిషి. ఎక్కడికి అని అడిగితే ఉదయగిరిలో పనుందని చెప్పి, టికెట్టు తీసుకుని, నా వెనక మొదటి సీట్లో కూర్చున్నారు. నాకు అర్థమైంది. నా పక్కన ఉండి లెక్కపెట్టించడానికి వచ్చారనుకున్నాను. ధైర్యమూ వచ్చింది, కొంచెం చిన్నతనంగానూ అనిపించింది.

ఊరు దాటాం. పొలాలు దాటాం. అప్పుడు నేను బండి ఆపేసిన చోటు దూరంగా కనిపించింది. నోరు ఎండిపోయింది. చేతులు చూసుకున్నాను, వెచ్చగానే ఉన్నాయి. ఆయన ఏమైనా అంటారేమో, కనీసం దగ్గి గుర్తుచేస్తారేమో అని అద్దంలోకి చూశాను.

శెట్టిగారు నిద్రపోతున్నారు. ఊరికే కళ్ళు మూసుకోవడం కాదు. తల కిటికీ కమ్మీకి ఆనించి, నోరు తెరుచుకుని, సంచి ఒళ్ళోంచి జారిపోతున్నా తెలియకుండా గాఢంగా నిద్రపోతున్నారు. ఆ బస్సులో నా జబ్బు సంగతంతా తెలిసిన మనిషి ఆయనొక్కడే. కుదుపులకు తల కమ్మీకి తగులుతున్నా లేవడం లేదు. నేను బండి కొంచెం మెల్లిగా పోనిచ్చాను, ఆయన తల కొట్టుకోకుండా. ఆ చోటు ఎప్పుడు దాటిపోయామో చూసుకోలేదు.

ఉదయగిరి కొండ కింద బస్టాండులో బండి ఆపి, అందరూ దిగాక ఆయన్ని లేపాను. కళ్ళు నులుముకుంటూ, అప్పుడే వచ్చేసినామా అని అడిగారు. దిగి, మొహం కడుక్కుని, ఒక టీ తాగారు. తాగి, గుడ్డసంచి తీసుకుని నేరుగా వచ్చి మళ్ళీ అదే సీట్లో కూర్చుని, ఆత్మకూరుకు టికెట్టు తీసుకున్నారు.

"మీ పనో, శెట్టిగారూ?" అన్నాను.

"అయిపొయినాది నాయనా. పోనీ, ఎండెక్కుతాది."

నేను బండి రివర్సు తీసి రోడ్డెక్కించేలోపు మళ్ళీ నిద్రపోయారు.